పంజెంట్ అంటే కారమా, ఘాటా? ఒక ఇంగ్లిష్ మాట వెనుక ఉన్న నాడి

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో మిరపకాయకూ, ఆవపిండికీ, అమ్మోనియాకూ, పదునైన విమర్శకూ ‘పంజెంట్’ అనే ఒకే మాట వాడతారు. తెలుగులో దాన్ని ఒకచోట కారం అనీ, మరోచోట ఘాటు అనీ అంటాం. ఈ మాట చెప్పేది రుచి గురించీ కాదు, వాసన గురించీ కాదు. ముఖంలోని ఒక నాడి పంపే గుచ్చుడు సమాచారం గురించి. ఆ సంగతి తెలిస్తే ఏ సందర్భంలో ఏ తెలుగు మాట నప్పుతుందో తేల్చుకోవడం తేలిక.

ఉగాది వచ్చిందంటే ఇంగ్లిష్‌లో శుభాకాంక్షల సందేశాలు మొదలవుతాయి. వాటిలో షడ్రుచుల జాబితా తప్పకుండా ఉంటుంది. తీపికి స్వీట్, పులుపుకు సోర్, చేదుకు బిట్టర్ అంటూ సాఫీగా సాగే ఆ జాబితా కారం దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. ఒకరు స్పైసీ అని రాస్తే ఇంకొకరు హాట్ అంటారు. కాస్త పుస్తకాలు చదివినవారు పంజెంట్ అని రాస్తారు. ఇదే పంజెంట్ స్కూలు పిల్లల సైన్సు పుస్తకంలో అమ్మోనియా, క్లోరిన్ వాయువుల దగ్గర కనిపిస్తుంది. తెలుగు మీడియం పుస్తకంలో అది ‘ఘాటైన వాసన’ అవుతుంది. గుంటూరు మిర్చి ఎగుమతిదారు చేతిలోని ల్యాబ్ రిపోర్టులో ‘పంజెన్సీ’ అని ఒక గడి ఉంటుంది. ఇంగ్లిష్ దినపత్రికలో ఒక నాయకుడి వ్యాఖ్యనూ పంజెంట్ అంటారు.

ఇన్ని చోట్ల ఒకే మాట ఎలా సరిపోతోందన్న సందేహం సహజం. నిఘంటువు తీస్తే ‘ఘాటైన, కారపు, తీక్షణమైన’ అని మూడు అర్థాలు కనిపిస్తాయి. వాటిలో దేన్ని ఎక్కడ వాడాలో మాత్రం నిఘంటువు చెప్పదు.

మాట ఎక్కడి నుంచి వచ్చింది

లాటిన్‌లో ‘పుంగెరె’ అనే క్రియ ఉంది. గుచ్చడం, పొడవడం అని దాని అర్థం. రోడ్డు పక్క బోర్డుల మీద కనిపించే పంక్చర్ ఆ మూలం నుంచి వచ్చిందే. గుండెను గుచ్చే దుఃఖాన్ని చెప్పే ‘పాయినెంట్’ కూడా ఫ్రెంచి మీదుగా అక్కడి నుంచే వచ్చింది. పంజెంట్ ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దం చివర్లో అడుగుపెట్టింది. మొదట్లో అది గుచ్చే నొప్పికీ, బాధకూ వాడిన మాట. రుచికీ వాసనకూ వాడడం ఆ తర్వాతి శతాబ్దంలో మొదలైంది. వృక్షశాస్త్రంలో ఇప్పటికీ పాత అర్థమే నడుస్తోంది. ఆకు కొన ముల్లులా గట్టిగా, మొనదేలి ఉంటే దాన్ని పంజెంట్ అని వర్ణిస్తారు. అక్కడ రుచితో గానీ, వాసనతో గానీ పనే లేదు.

కాబట్టి ఈ మాట పుట్టింది నాలుక మీద కాదు, చర్మం మీద. శరీరశాస్త్రం చాలా ఆలస్యంగా తేల్చిన విషయం కూడా దీనికి దగ్గరగానే ఉంది.

రుచి కాదు, వాసన కూడా కాదు

నాలుక మీది రుచి మొగ్గలు గుర్తించేవి ఐదే రుచులని నేటి శాస్త్రం చెబుతోంది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ (మాంసపు రసంలో తెలిసేలాంటి కమ్మటి రుచి). చివరిదాన్ని 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా గుర్తించారు. ఈ జాబితాలో కారానికి చోటు లేదు. ముక్కు లోపలి పైభాగంలో ఉండే వాసన కణాల పనిలోనూ అది పూర్తిగా ఇమడదు.

కారాన్ని, ఘాటును ముఖ్యంగా మోసుకెళ్లేది ట్రైజెమినల్ అనే నాడి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని త్రిధార నాడి అంటారు. మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడుల్లో ఇది ఐదోది. ఇది మూడు పాయలుగా చీలుతుంది. ఒకటి కన్ను, నుదురు వైపు వెళుతుంది. రెండోది పై దవడకు, ముక్కు లోపలికి వెళుతుంది. మూడోది కింది దవడకు, నాలుక ముందు భాగానికి చేరుతుంది. ముఖం మీద స్పర్శ, వేడి, చలి, నొప్పి తెలిసేది దీని వల్లే. పంటి నొప్పి వార్తను మెదడుకు చేర్చేదీ ఇదే. కొన్ని రసాయనాలు ఈ నాడి కొనలను తాకినప్పుడు అది మంట, గుచ్చుడు, చల్లదనం, చురుకు అని మెదడుకు చెబుతుంది. ఇలా రసాయనం వల్ల కలిగే స్పర్శను కెమెస్థీసిస్ అంటారు.

ఇది పట్టుబడితే అమ్మోనియాకూ మిరపకాయకూ ఒకే మాట ఎందుకో అర్థమవుతుంది. అమ్మోనియా సీసా మూత తీయగానే తల వెనక్కి పోవడం వాసన వల్ల మాత్రమే కాదు. ముక్కు లోపల ఈ నాడి కొనలు చురుక్కుమనడం వల్ల. వాసన పసిగట్టే శక్తి పూర్తిగా పోయినవారు కూడా అమ్మోనియాను గుర్తించగలరు. వాళ్లకు అది వాసనగా తెలియదు, గుచ్చినట్టు తెలుస్తుంది.

జలుబు చేసినప్పుడు ఇది ఇంట్లోనే తెలుస్తుంది. ముక్కు దిబ్బడ వేస్తే సాంబారుకు, కొత్తిమీర పచ్చడికి తేడా చెప్పడం కష్టం. అయినా మిరియాల చారులో మంట తెలుస్తుంది, అల్లం టీ గొంతులో చురుక్కుమంటుంది. వాసన దారి మూసుకున్నా నాడి దారి తెరిచే ఉండడం వల్ల ఇలా జరుగుతుంది. జలుబు రోజుల్లో నోరు వాటినే కోరుకోవడానికి ఇదొక కారణం కావచ్చు. కోవిడ్ విషయంలో కథ కొంచెం వేరు. 2020లో అనేక దేశాల్లో జరిగిన ఒక పెద్ద సర్వేలో రోగులకు వాసన, రుచితోపాటు ఈ మూడో శక్తి కూడా తగ్గినట్టు తేలింది. కారం కూడా తెలియడం లేదని అప్పట్లో కొందరు చెప్పడం భ్రమ కాదు.

మిరపకాయ పంపే తప్పుడు కబురు

పంజెంట్ పదార్థాలన్నింటిలో ఎక్కువ పరిశోధన జరిగింది మిరప మీదే. అందులోని మంటకు మూలం క్యాప్సాయిసిన్. దానికి చెప్పుకోదగ్గ రంగూ లేదు, వాసనా లేదు. గింజల్లోనే కారం ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి పొరలో. గింజలకు అంటేది ఆ పొరను ఆనుకుని ఉండడం వల్లనే. బజ్జీ మిరపకాయను చీరి లోపలి పొరతో సహా తీసేస్తే మంట బాగా తగ్గేది అందుకే.

క్యాప్సాయిసిన్ ఏ తలుపు తడుతుందో 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. నాడి కొనల మీద ఉండే ఆ ప్రొటీన్ పేరు టీఆర్‌పీవీ1. అది అసలు ఉన్నది వేడిని పసిగట్టడానికి. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటగానే అది తెరుచుకుని ‘కాలుతోంది’ అన్న కబురు పంపుతుంది. క్యాప్సాయిసిన్ తగిలితే వేడి లేకపోయినా అదే ప్రొటీన్ తెరుచుకుంటుంది. మెదడుకు అదే కబురు వెళుతుంది. ఈ పరిశోధనకు జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌ను ఆర్డెమ్ పటపుటియన్‌తో కలిసి అందుకున్నారు.

తెలుగులో ‘నోరు మండుతోంది’ అనడం, ఇంగ్లిష్‌లో ‘హాట్’ అనడం రెండూ ఈ లెక్కన కవిత్వం కావు, నాడి చెప్పిన మాటే అది. కారం తిన్నాక చెమట పట్టడానికి కూడా కారణం ఇదే. నిజంగా వేడి తగిలిందనుకుని ఒళ్లు చల్లబరుచుకునే ప్రయత్నం అది. ముక్కు, కళ్లు కారడం ఆ పదార్థాన్ని కడిగేసుకునే ప్రయత్నం.

క్యాప్సాయిసిన్ నీటిలో దాదాపుగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. గుక్కెడు నీళ్లు తాగితే మంట తగ్గకపోగా నోరంతా పరుచుకున్నట్టు అనిపించేది అందుకే. పాలల్లోని ప్రొటీను, కొవ్వు దాన్ని పట్టి తీసుకుపోతాయి. కొత్తావకాయ అన్నంలో నెయ్యి, భోజనం చివర పెరుగన్నం అనే మన క్రమానికి రసాయన శాస్త్రం అడ్డు చెప్పదు.

పక్షులకు ఈ ప్రొటీన్ ఉన్నా క్యాప్సాయిసిన్‌కు అది స్పందించదు. రామచిలుక పచ్చిమిరపకాయను కసాబిసా నమిలేసేది ధైర్యంతో కాదు, దానికి మంటే తెలియదు. గింజలను నమిలి నాశనం చేసే క్షీరదాలను దూరంగా ఉంచి, వాటిని చెక్కుచెదరకుండా దూరాలకు మోసుకెళ్లే పక్షులను రానివ్వడం మిరప మొక్కకు లాభం. అంటే కారం అనేది మిరపకాయలో మాత్రమే ఉన్న గుణం కాదు. తినేవారి నాడికీ, ఆ పదార్థానికీ మధ్య జరిగే వ్యవహారం. ఒకరికి చప్పగా ఉన్న కూర పక్కనున్న మనిషికి కళ్లనీళ్లు తెప్పించడానికీ ఇదే ఆధారం. తరచుగా తినేవారిలో ఈ నాడి కొనలు క్రమంగా మొద్దుబారతాయి. ఆ గుణాన్నే వైద్యంలో వాడుకుంటున్నారు. హెర్పిస్ జోస్టర్ (అక్కి) తర్వాత మిగిలిపోయే నాడుల నొప్పికి క్యాప్సాయిసిన్ పట్టీలు వేయడం అలాంటిదే.

ఇక ఎండుమిర్చి వేయించేటప్పుడు ఇల్లంతా దగ్గులు, తుమ్ములు మొదలవడం వేరే సంగతి. క్యాప్సాయిసిన్ తనంతట తాను ఆవిరై గాలిలోకి తేలిగ్గా లేవదు. కాలే నూనె పొగతో, సన్నని ధూళితో కలిసి అది గొంతులోకి, కళ్లలోకి చేరుతుంది. మిర్చి యార్డుల్లో హమాలీలు ముఖానికి తువ్వాలు కట్టుకునేది ఆ ధూళి నుంచి కాపాడుకోవడానికే. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు సందర్భంగా లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లినప్పుడు సభ్యులు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ బయటికి పరుగెత్తడం దేశమంతా టీవీల్లో చూసింది. పేరులో పెప్పర్ ఉన్నా ఆ స్ప్రేలో ఉండేది మిరియం కాదు, మిరపసారం. అక్కడ రుచి ప్రసక్తే లేదు. కన్ను, ముక్కు, గొంతు మూడింటికీ ఒకేసారి గుచ్చుకున్న ఆ స్థితిని చెప్పడానికి ఇంగ్లిష్‌లో పంజెంట్ సరిగ్గా సరిపోతుంది. తెలుగులో కారం అంటే చాలదు, ఘాటు అనాల్సిందే.

ఆవ దారి వేరు

మిరప కారం నోట్లో మొదలై నోట్లోనే నిమిషాల తరబడి ఉంటుంది. ఆవ అలా కాదు. పనసపొట్టు ఆవపెట్టిన కూర మొదటి ముద్దలో నాలుకకు పెద్దగా ఏమీ తెలియదు. ఒక్క క్షణం ఆగి ముక్కు లోపలి నుంచి నడినెత్తికి ఝుమ్మని ఎక్కుతుంది. కళ్లు చెమర్చి, అంతలోనే తగ్గిపోతుంది. దీనికి తెలుగులో ‘నసాళానికి అంటింది’ అన్న పలుకుబడి ఉంది. జరిగేదాన్ని ఇంతకన్నా కచ్చితంగా చెప్పే మాట ఇంగ్లిష్‌లో దొరకడం కష్టం.

ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట విడివిడిగా ఉంటాయి. గింజను నూరి తడి తగిలించినప్పుడే రెండూ కలిసి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ఇది తేలిగ్గా ఆవిరయ్యే నూనె. నోటి వెనుక భాగం నుంచి ముక్కులోకి పాకుతుంది. ఇది ప్రధానంగా తట్టేది టీఆర్‌పీవీ1ను కాదు, టీఆర్‌పీఏ1 అనే మరో ప్రొటీన్‌ను. జపాన్ వంటల్లో వాడే వసాబి పెట్టే మంట కూడా ఈ పదార్థానిదే కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని వసాబి గ్రాహకం అని కూడా పిలుస్తారు.

ఈ రసాయనం తెలిస్తే వంటింటి నియమాలు చాలా వాటికి కారణం దొరుకుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటు ఉండదు, కమ్మదనం ఉంటుంది. మరిగే నూనె వేడికి ఎంజైమ్ చచ్చిపోవడమే దానికి కారణం. గోదావరి జిల్లాల్లో అరటికాయ కూర చేసి, పొయ్యి మీంచి దించి, వేడి తగ్గాకే ఆవముద్ద కలుపుతారు. పొయ్యి మీదే కలిపితే పుట్టిన ఘాటు కాస్తా ఆవిరైపోయి చేదు మిగులుతుంది.

ఆవకాయ దీన్ని ఇంకా చక్కగా చూపిస్తుంది. ముక్కలను తడి లేకుండా తుడిచి, పొడి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపిన రోజు జాడీలో ఆవ ఇంకా పూర్తిగా మేల్కొనలేదు. ఉప్పు మామిడి ముక్కలోంచి నీటిని లాగుతుంది. ఆ ఊట ఆవపిండికి తగులుతుంది. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసేటప్పటికి మూత తీయగానే ముక్కుపుటాలు అదిరేది అందుకే. నెలలు గడిచాక ఆవ ఘాటు తగ్గుతూ వస్తుంది, మిరప కారం మాత్రం దాదాపు అలాగే నిలుస్తుంది. ఒకటి ఎగిరిపోయే పదార్థం, రెండోది స్థిరంగా ఉండేది. ఇంగ్లిష్‌లో ఈ రెండూ పంజెంటే. తెలుగు నాలుక మాత్రం ఆవను ఘాటనీ, మిరపను కారమనీ విడదీసి చూసింది.

ఉల్లి, వెల్లుల్లిలో కూడా ఎంజైమ్ కథే. కోసినప్పుడు, దంచినప్పుడు మాత్రమే ఘాటు పుడుతుంది. చెక్కుచెదరని ఉల్లిపాయ కళ్లనీళ్లు తెప్పించదు. మిరియంలో పైపరిన్, పచ్చి అల్లంలో జింజెరాల్ ఉంటాయి. ఇవి మిరప తట్టిన తలుపునే తడతాయి, కాకపోతే బలం తక్కువ. అల్లం ఎండి శొంఠి అయ్యేసరికి జింజెరాల్‌లో కొంత షోగావోల్‌గా మారుతుంది. ఇది ఇంకా చురుకైనది. శొంఠి కొద్దిగా వేసినా గొంతు పట్టేది అందువల్లే.

షడ్రుచుల్లో కారం ఎక్కడిది

ఆధునిక శాస్త్రం కారాన్ని రుచుల జాబితాలోంచి తీసేసిందనగానే షడ్రుచుల లెక్క తప్పా అన్న ప్రశ్న వస్తుంది. ఆరింటిలో తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుగూ రుచి మొగ్గల పని. కారం, వగరు రెండూ స్పర్శ వైపు చేరతాయి. వగరు అంటే పిందెల్లో, తొక్కల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసి నోటిని బిగదీయడం. మన లెక్కలో రుచి అంటే నోటికి తెలిసే అనుభవమంతా. శాస్త్రం లెక్కలో రుచి అంటే ఒక ప్రత్యేక కణం చేసే పని. రెండు జాబితాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని కొట్టేయనక్కర్లేదు.

పైగా పాత గ్రంథకర్తలకు ఈ తేడా బొత్తిగా తెలియదనుకోవడం పొరపాటు. ఆయుర్వేదంలో కారానికి పేరు కటు రసం. చరక సంహిత దాన్ని వర్ణించే తీరు గమనించదగ్గది. నాలుకను తాకగానే కలవరపెట్టేది, గుచ్చుతున్నట్టుండేది, మండిస్తూ నోరు, ముక్కు, కళ్ల నుంచి నీరు కార్పించేది అని అంటుంది. లాటిన్ మాటలోని గుచ్చడం అందులో ఉంది. త్రిధార నాడి మూడు పాయలు చేరే చోట్లూ ఉన్నాయి. కటుకు ఇంగ్లిష్ అనువాదకులు పంజెంట్‌ను ఎంచుకోవడం అందుకే చాలా సబబైన నిర్ణయం. స్పైసీ గానీ, హాట్ గానీ ఇంత దగ్గరగా రావు.

చరకుడి కటు రసంలో మిరపకాయ లేదన్నది గుర్తుంచుకోవాలి. మిరప అమెరికా ఖండాల మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మన తీరానికి చేరింది. అంతకుముందు ఇక్కడి కారమంటే మిరియాలు, పిప్పళ్లు, శొంఠి, ఆవాలు. మొదటి మూడింటినీ కలిపి నేటికీ త్రికటు అంటున్నాం. కొత్తగా వచ్చిన కాయకు దక్షిణాది భాషలు పాత మిరియం పేరునే తొడిగాయి. తెలుగులో మిరియం, మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి. తమిళంలో మిళగు, మిళగాయ్. కొలంబస్ కాలపు యూరప్ కూడా చేసింది ఇదే. ఇంగ్లిష్‌లో పెప్పర్ అంటే ఇప్పటికీ రెండూ.

ఆ తర్వాత తెలుగులో ఇంకో మార్పు జరిగింది. కారం అనే మాట క్రమంగా మిరపకే అతుక్కుపోయింది. ‘రెండు చెంచాల కారం’ అంటే ఇప్పుడు గుణం కాదు, వస్తువు. ఎండుమిర్చి పొడి. కొబ్బరి కారం, వెల్లుల్లి కారం, నల్లకారం అన్నీ ఆ దారిలో వచ్చినవే. దాంతో ఆవకు, ముల్లంగికి, ఉల్లికి కారం అన్న మాట కొంత దూరమై, ఆ ఖాళీలోకి ఘాటు వచ్చింది. హిందీలో ఇదే కటు మరో దారి పట్టింది. దాన్నుంచి వచ్చిన ‘కడ్వా’కు ఇప్పుడు చేదు అని అర్థం. కానీ ఆవనూనెను మాత్రం ఉత్తరాదిన ‘కడ్వా తేల్’ అనే పిలుస్తారు. అది చేదు నూనె కాదు, ఘాటు నూనె. పాత అర్థం ఆ పేరులో ఇంకా బతికే ఉంది.

కొలత ఉన్నది మిరపకు

వ్యాపారంలో పంజెన్సీ ఒక అంకె. 1912లో అమెరికాలో పార్క్ డేవిస్ మందుల కంపెనీలో పనిచేసిన విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు ఈ కొలతకు నాంది పలికారు. మిరపసారాన్ని చక్కెర నీటితో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి మంట తెలియని స్థితి వచ్చేదాకా ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో లెక్కగట్టారు. ఆ అంకే స్కోవిల్ హీట్ యూనిట్లు. చూసేవారి నాలుక మొద్దుబారితే అంకె మారిపోవడం ఈ పద్ధతి లోపం. ఇప్పుడు మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో క్యాప్సాయిసిన్ వర్గపు పదార్థాల శాతాన్ని నేరుగా కొలిచి స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. శుద్ధ క్యాప్సాయిసిన్ 1.6 కోట్ల యూనిట్లు. అంటే పొడిలో ఒక శాతం ఉంటే 1.6 లక్షలు, పావు శాతం ఉంటే 40 వేలు.

గుంటూరు సన్నం రకానికి సాధారణంగా చెప్పే 35 వేల నుంచి 40 వేల యూనిట్లు ఈ లెక్కకు సరిపోతాయి. 2007లో గిన్నిస్‌కెక్కిన ఈశాన్య భారతపు భూత్ జొలోకియా పది లక్షలు దాటింది. 2023లో రికార్డుకెక్కిన పెప్పర్ ఎక్స్ సగటున 26.93 లక్షలు. ఈ రికార్డుల హోరుతో వంటింటికి పెద్దగా సంబంధం లేదు. మార్కెట్‌కు ముఖ్యమైనది మరొకటి ఉంది. మిర్చి ధరను పంజెన్సీ ఒక్కటే నిర్ణయించదు, రంగు కూడా నిర్ణయిస్తుంది. రంగును ఆస్టా (అమెరికా మసాలా వర్తకుల సంఘం) యూనిట్లలో కొలుస్తారు. తేజ రకాన్ని మంట కోసం కొంటారు, దాన్నుంచి ఓలియోరెసిన్ అనే చిక్కటి సారం తీస్తారు. కర్ణాటక బ్యాడిగిని రంగు కోసం కొంటారు, మంట నామమాత్రం. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా కూడా రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న రకమే. ఎర్రగా ఉంటే కారంగా ఉంటుందన్న అంచనా అందుకే తరచూ తప్పుతుంది.

స్కోవిల్ లెక్క ఆవకు, ఉల్లికి పనికిరాదు. ఉల్లి ఘాటును అంచనా వేయడానికి, కోసినప్పుడు ఘాటుతోపాటు పుట్టే పైరూవిక్ ఆమ్లాన్ని కొలుస్తారు. ఒకే మాటతో పిలిచినా ఒకే కొలబద్దతో తూచడం కుదరని గుణాలివి.

ఇంగ్లిష్‌లో ఎప్పుడు ఏది

ఇక వాడుక. నేటి సాధారణ ఇంగ్లిష్‌లో పంజెంట్ ఎక్కువగా వాసనకే వినిపిస్తుంది. అందులోనూ కొంచెం ఇబ్బందిపెట్టే బలమైన వాసనకు. ముక్కిన జున్ను (చీజ్), ఎండుచేపలు, పచ్చి ఇంగువ, చెమట వీటన్నిటికీ వాడతారు. ఇక్కడ గుచ్చుడు అసలు లేకపోవచ్చు, వాసన దట్టంగా ఉంటే చాలు. పదం తన మొదటి అర్థం నుంచి ఇంతదూరం జరిగింది. దీంతో ఒక చిక్కు ఉంది. హైదరాబాద్ హోటల్ తన మెనూలో చికెన్ వేపుడును మెచ్చుకుంటూ పంజెంట్ అని రాస్తే విదేశీ అతిథికి ముందుగా తట్టేది కారం కాదు, వాసన. కారమని చెప్పదలిస్తే అక్కడ హాట్ లేదా స్పైసీ అనాలి. పంజెంట్‌ను కారం అన్న అర్థంలో నిక్కచ్చిగా వాడేది శాస్త్ర పత్రాల్లో, మసాలా వ్యాపారంలో, ఆయుర్వేద అనువాదాల్లో.

స్పైసీకి కూడా రెండు ముఖాలున్నాయి. ఒకటి కారంగా ఉన్నది, రెండోది మసాలా దినుసులు దండిగా పడినది. ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క వేసి మిర్చి తగ్గించిన బిర్యానీ రెండో అర్థంలో స్పైసీ, మొదటి అర్థంలో కాదు. టాంగీ అంటే పుల్లగా చురుక్కుమనేది. గోంగూర పచ్చడి, చింతకాయ తొక్కు, పచ్చి మామిడి ఈ కోవలోకి వస్తాయి. గోంగూరను పంజెంట్ అని రాయడం ఇంగ్లిష్ వంటల రాతల్లో అప్పుడప్పుడూ కనిపించే తప్పు. పికెంట్ అనేది ఫ్రెంచి నుంచి వచ్చింది. అదీ గుచ్చడమే అయినా సుతారంగా, నోరూరించేలా గుచ్చేది. యాక్రిడ్ దీనికి పూర్తిగా అటువైపు. రబ్బరు కాలినప్పుడు, పోపు మాడినప్పుడు గొంతు గీరుకుపోయే పొగకు వాడతారు. మెప్పుకోలుగా దాన్ని వాడరు. పాతబడిన చెడ్డర్ జున్నుకు షార్ప్ అంటారు.

మనిషి మాటకు పంజెంట్ వాడితే సూటిగా, వాడిగా తగిలేదని అర్థం. తెలుగు పత్రికల ‘ఘాటు వ్యాఖ్యలు’ దీనికి దగ్గరే కానీ, పూర్తిగా ఒకటి కావు. తెలుగులో ఘాటు అంటే కోపం, తీవ్రత ముందు వినిపిస్తాయి. ఇంగ్లిష్ పంజెంట్ వ్యాఖ్యలో గట్టి అరుపు ఉండనక్కర్లేదు, తక్కువ మాటల్లో సూదిమొన ఉంటే చాలు. అలాంటిచోట ‘వాడి వ్యాఖ్య’ అనడం మేలు. కటువైన అంటే మళ్లీ మోటుదనం వచ్చేస్తుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

అనువాదం చేసేవారు ఆ పదార్థం ఎక్కడ తగులుతోందని ముందుగా చూసుకుంటే చిక్కు చాలావరకు వీడుతుంది. నాలుక మీద మంట నిలబడితే కారం. ముక్కుకు, కంటికి ఎక్కితే ఘాటు. గొంతులో గరగరలాడితే ‘గొంతు పట్టే’ అనవచ్చు. వాయువుల విషయంలో పాఠ్యపుస్తకాలు వాడుతున్న ‘ఘాటైన వాసన’ బాగానే ఉంది. కాకపోతే అందులో వాసన కంటే చురుకే ఎక్కువన్న సంగతి టీచర్లు ఒక మాట చెబితే, ప్రయోగశాలలో సీసాను ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో గాలిని ఇటు తోసుకుని వాసన చూడాలన్న నియమం పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. గుచ్చుతున్న నాడి చెబుతున్నది ప్రమాదం గురించే. జున్ను, ఇంగువ లాంటి చోట్ల గుచ్చుడు లేదు కాబట్టి ‘గుప్పుమనే’, ‘గాఢమైన’ అంటే సరిపోతుంది.

విదేశాల్లో ఉంటూ ఆవకాయ పట్టేవారికి ఈ తేడా మరింత అవసరం. అక్కడి షాపుల్లో దొరికే పసుపుపచ్చ మస్టర్డ్ పొడి ఎక్కువగా తెల్ల ఆవాల నుంచి వస్తుంది. తెల్ల ఆవాల్లో సినిగ్రిన్ బదులు సినాల్బిన్ ఉంటుంది. దాన్నుంచి పుట్టే ఘాటు పదార్థం అంత తేలిగ్గా ఆవిరి కాదు. నాలుక మీదే కాసేపు మండి ఆగిపోతుంది, ముక్కుకు ఎక్కదు. ప్యాకెట్ మీద పంజెంట్ అని రాసి ఉన్నా ఆవకాయలో ఆశించిన ఝుమ్మనడం రాదు. గోధుమరంగు లేదా నల్ల ఆవాలు కొని ఇంట్లో పొడి కొట్టుకుంటే వస్తుంది.